పాతిక పిన్నుల పరికరం: ఒక స్వీయచరిత్ర

అమీర్‌పేటకూ యూసుఫ్‌గూడకూ నడుమ ఉన్న మధురానగర్‌లో, బీటెక్ చివరి ఏడాది విద్యార్థుల చేత ఎంబెడెడ్ ప్రాజెక్టులు చేయించే ఒక శిక్షణ కేంద్రంలో చిరకాలం పనిచేసిన చిప్ ప్రోగ్రామర్ ఒకటి ఈ వ్యాసంలో తన చరిత్రను తానే నమోదు చేసుకుంటున్నది. కంప్యూటర్‌లో రాసి, కంపైల్ చేసి, హెక్స్ ఫైలుగా భద్రపరిచిన ప్రోగ్రామును మైక్రోకంట్రోలర్ చిప్ లోపలి ఫ్లాష్ మెమరీలోకి ఎక్కించే పరికరాన్ని చిప్ ప్రోగ్రామర్ అంటారు. ఈ ఎక్కించే పనినే అమీర్‌పేట పరిసరాల విద్యార్థులు ‘కోడ్ డంప్ చేయడం’ అంటారు.

ఈ పరికరం శరీరం చాలా సాదాది. ఒక చివర కంప్యూటర్ వెనుక ఉండే ప్రింటర్ పోర్టుకు తగిలించే పాతిక పిన్నుల కనెక్టరు, మధ్యలో సంకేతాలకు బలమిచ్చే 74హెచ్‌సీ244 అనే బఫర్ చిప్, మరో చివర మీట ఎత్తితే నలభై కాళ్ళ చిప్ సులువుగా కూర్చునే జిఫ్ సాకెట్, దాని పక్కన 11.0592 మెగాహెర్ట్జ్ క్రిస్టల్: ఇంతకు మించి అందులో ఏమీ లేదు. సాకెట్లో ఎక్కువగా కూర్చున్నది ఏటీ89ఎస్52. 1980లో ఇంటెల్ రూపొందించిన 8051 నిర్మాణాన్ని అట్మెల్ సంస్థ 1993 నుంచి ఫ్లాష్ మెమరీతో అందించగా, ఆ కుటుంబంలో ఎనిమిది కిలోబైట్ల మెమరీతో వచ్చిన ఈ చిప్ తెలుగునాట వేలాది ప్రాజెక్టు కిట్లకు గుండెకాయ అయింది. రీసెట్ కాలును హైలో నిలిపి, ఏసీ, 53 అనే హెక్సాడెసిమల్ బైట్లతో మొదలయ్యే ఆదేశాన్ని ఒక్కొక్క బిట్టుగా పంపితే, చిప్ 69 అని బదులిచ్చి రాతకు సిద్ధమవుతుంది. పంపే గడియారపు వేగం క్రిస్టల్ వేగంలో పదహారో వంతు దాటకూడదన్నది డేటాషీట్, అంటే చిప్ తయారీదారు ఇచ్చే సాంకేతిక పత్రం, పెట్టిన నియమం.

ఆ గడియారాన్ని ఆడించే తెలివి మాత్రం పరికరంలో లేదు. ఏ తీగ ఎప్పుడు హై కావాలో, ఎంతసేపు అలా ఉండాలో నిర్ణయించినది కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేరే. విండోస్ 98 కాలంలో ఏ సాధారణ ప్రోగ్రామైనా హెక్సాడెసిమల్ లెక్కలో 378 అనే చిరునామాకు నేరుగా ఒక బైటు రాస్తే, పోర్టులోని ఎనిమిది డేటా పిన్నుల మీద వోల్టేజి ఆ మేరకే మారేది. అడిగేవారు, ఆపేవారు ఉండేవారు కారు. ఈ పరికరానికి అదే యవ్వనం, అదే స్వేచ్ఛ.

2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ ఆ స్వేచ్ఛకు తొలి హద్దు గీసింది. ఎన్‌టీ వంశానికి చెందిన ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌లో హార్డ్‌వేరును తాకే అధికారం కెర్నెల్‌కు, అంటే వ్యవస్థ కేంద్రభాగానికి, దాని అనుమతితో నడిచే డ్రైవర్లకు మాత్రమే దక్కింది. సాధారణ ప్రోగ్రాము పోర్టును తాకబోతే వ్యవస్థ దాన్ని అక్కడికక్కడే నిలిపివేసేది. గివ్‌ఐఓ, ఇన్‌పౌట్32 వంటి చిన్న డ్రైవర్లు మధ్యవర్తులుగా వచ్చి ఆ తలుపు మళ్ళీ తెరిచాయి గాని, అలా తెరుచుకున్న తలుపు గుండా హానికర ప్రోగ్రాములు కూడా దూరగలవు గనుక ఆ వెసులుబాటు చిరకాలం నిలిచేది కాదు. 2007లో విండోస్ విస్టా 64 బిట్ల రూపం కెర్నెల్ డ్రైవర్లకు డిజిటల్ సంతకాన్ని, అంటే తయారీదారు ఎవరో రుజువు చేసే గుర్తును, తప్పనిసరి చేసింది; 16 బిట్ల పాత డాస్ ప్రోగ్రాములు 64 బిట్ల విండోస్‌లో అసలే నడవవు. 2021లో వచ్చిన విండోస్ 11కు 32 బిట్ల రూపమే లేదు. ఈ కట్టుబాట్లలో ప్రతిదానికీ న్యాయమైన భద్రతా కారణం ఉన్నదని ఈ పరికరం ఒప్పుకుంటుంది.

సంతకం చేయించిన కొత్త డ్రైవర్లు కొన్ని వచ్చినా, విద్యార్థులు తెచ్చే లాప్‌టాప్‌లలో ప్రింటర్ పోర్టే లేకుండా పోయింది. యూఎస్‌బీని ప్రింటర్ పోర్టుగా మార్చే తీగ కొంటే సరిపోతుందన్నది ఆ రోజుల్లో చాలామంది పడిన భ్రమ. ఆ తీగ కంప్యూటర్‌కు ప్రింటర్‌గా పరిచయం చేసుకుంటుందే తప్ప, 378 చిరునామాలో పోర్టును సృష్టించదు. ఒకవేళ ఒక్కో మార్పునూ యూఎస్‌బీ ద్వారా పంపగలిగినా కాలం సహకరించదు. ఒక్క బైటు రాయడానికి నాలుగు బైట్ల ఆదేశం కావాలి. ఎనిమిది కిలోబైట్లకు 2,62,144 బిట్లు, బిట్టుకు కనీసం రెండు మార్పులు, వెరసి 5,24,288 మార్పులు. పాత పోర్టులో ఒక్కో మార్పు సుమారు ఒక మైక్రోసెకనులో ముగిసేది. ఒక్కోదానికి ఒక మిల్లీసెకను పట్టే యూఎస్‌బీ చట్రంలో అదే పనికి ఎనిమిదిన్నర నిమిషాలు దాటుతుంది.

కేంద్రం తొలుత ఎంచుకున్న ఉపాయం పాతదాన్ని కాపాడుకోవడం. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పాత డెస్క్‌టాప్ ఒకటి కొని, నెట్ కనెక్షన్ ఇవ్వకుండా ఎక్స్‌పీతోనే ఉంచి, డంప్ చేయడానికి దాన్నొక్కదాన్నే వాడారు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8తో ముగిసిన తరువాత కూడా ఆ ఏర్పాటు సాగింది గాని, వైవా తేదీలు దగ్గరపడే మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒక్క కంప్యూటర్ ముందు కిట్లు పట్టుకున్న విద్యార్థుల వరుస పెరిగేది.

ఆ వరుసను తగ్గించినది థామస్ ఫిష్ల్ రూపొందించిన యూఎస్‌బీఏఎస్‌పీ అనే యూఎస్‌బీ ప్రోగ్రామర్. ఏవీఆర్ అనే మరో మైక్రోకంట్రోలర్ కుటుంబపు చిప్‌ల కోసం పుట్టినదైనా, ఏటీ89ఎస్52 కూడా అదే తరహా క్రమంలో రాత అందుకుంటుంది గనుక దానికీ పనికొచ్చింది. అందులో సొంత మైక్రోకంట్రోలర్ ఉండటం చేత, కంప్యూటర్ ఆదేశాన్ని అందించి ఊరుకుంటే చాలు, బిట్లను కాలానుగుణంగా ఆడించే బాధ్యత పరికరమే వహిస్తుంది. విండోస్‌లో దానికీ జాడిగ్ వంటి సాధనంతో డ్రైవరు అమర్చవలసి వచ్చినా, చిప్‌తో సాగే సంభాషణ మాత్రం ఆపరేటింగ్ సిస్టమ్ మారినప్పుడల్లా చెడిపోలేదు.

అలా పక్కకు తప్పుకున్న ఈ పరికరం తన విరమణ నుంచి నేర్చుకున్న పాఠం ఒకటే: దాని సర్క్యూట్ పాతబడలేదు, చిప్ భాష మారలేదు; కాలగణనకూ అనుమతికీ కంప్యూటర్ మీదనే ఆధారపడటం వల్ల దాని ఆయుర్దాయం కంప్యూటర్ ఆయుర్దాయానికి ముడిపడింది. చిప్ భాష డేటాషీట్‌లో బహిరంగంగా ఉన్నందువల్లనే యూఎస్‌బీఏఎస్‌పీ ఆ పనిని అందుకోగలిగింది. అందువల్లనే నేడు అదే కేంద్రంలో విద్యార్థులు ఆర్డుయినో అనే మైక్రోకంట్రోలర్ బోర్డునే ప్రోగ్రామర్‌గా మార్చి, ఏసీ, 53 పంపి, చిప్ నుంచి 69 రాబట్టడాన్ని తొలి ప్రయోగంగా నేర్చుకుంటున్నారు.