నేను అనంతపురం బంతిని

నేనొక ఫుట్‌బాల్‌ని. పుట్టింది పంజాబ్‌లోని జలంధర్‌లో. మన దేశంలో బంతుల తయారీకి ఆ ఊరూ, మీరటూ పెట్టింది పేరు. జలంధర్‌లో ఇళ్ళలో కూర్చుని బంతులు కుట్టే ఆడవాళ్ళున్నారు. అలాంటి ఒక తల్లి నన్ను కుట్టింది. మైనం పూసిన దారానికి రెండు కొసలా రెండు సూదులు ఎక్కించి, ఆరు మూలల ముక్కలు 20, ఐదు మూలల ముక్కలు 12 తిరగేసి ఒకదానికొకటి కలిపింది. తర్వాత నన్ను మళ్ళీ పైకి తిప్పి, ఆఖరి కుట్లు బయటికి కనిపించకుండా లోపలికి లాగి ముడేసింది. గాలి కొట్టినప్పుడు చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, బరువు 410 నుంచి 450 గ్రాములు ఉంటేనే ఐదో సైజు బంతి. ఆ లెక్కకు సరిపోయాను కాబట్టే లారీ ఎక్కాను.

దిగింది అనంతపురం జిల్లాలో, ఒక పల్లె హైస్కూల్లో. ఇక్కడ ఏడాదికి కురిసేది సగటున 550 మిల్లీమీటర్లు. ఆ కాస్త వానను నమ్ముకునే శెనక్కాయ వేస్తారు. అది కూడా మొహం చాటేస్తే తల్లీదండ్రీ బెంగళూరుకు పనికి పోతారు, పిల్లలు అవ్వల దగ్గర ఉండిపోతారు. బడి మైదానమంటే ఎర్రమట్టి, గులకరాళ్ళు, అంచున కంపచెట్లు. రాయి తగిలి నేను ఎటు ఎగురుతానో నాకే తెలిసేది కాదు. ఒకసారి కంపముల్లు దిగి నా ఊపిరి పోయింది. చెప్పులు కుట్టే తాత వాల్వు పక్కన కుట్లు విప్పి, బ్లాడర్ బయటికి తీసి, సైకిల్ ట్యూబుకు వేసినట్టే ప్యాచ్ వేసి మళ్ళీ కుట్టాడు. అప్పటినుంచీ నాలో కాస్త వంకర ఉంది. ఆ వంకరతోనే పిల్లలకు ఆట నేర్పాను.

మొదట్లో అందరూ నా వెనకే పడేవాళ్ళు. నేనెక్కడుంటే అక్కడ పది జతల కాళ్ళు, లేచిన దుమ్ములో ఒకరికొకరు కనపడేవాళ్ళు కాదు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి మాత్రం దూరంగా నిలబడేది. భయపడుతోందనుకున్నారు. ఆటల సారు ఒక్కడే గమనించాడు, ఆ పిల్ల తల తిప్పి తిప్పి చూస్తోందని.

"అదేమ్మా కావాల్సింది. బాల్ ఎనక పరిగెత్తొద్దు. బాల్ యాడికొస్తాదో ఆడుండు" అన్నాడు సారు.

మైదానం మధ్యలో ఆడే మిడ్‌ఫీల్డర్ పని అంతా ఆ మాటలోనే ఉంది. గొర్రు కట్టే ముందు రైతు మబ్బును చూసుకున్నట్టు, నేను రాకముందే ఆ పిల్ల చుట్టూ చూసుకునేది. కుడి భుజం మీదుగా ఒకసారి, ఎడమ భుజం మీదుగా ఒకసారి. నేను చేరేసరికి నన్ను ఎటు పంపాలో ఆమెకు ముందే తెలుసు. పాదం లోపలి వైపుతో మెత్తగా ఆపేది, ఆపడంలోనే పక్కకు తిప్పేది, రెండో తాకుకు నేను ఇంకొకరి కాళ్ళ దగ్గర ఉండేదాన్ని. గోల్ కొట్టినవాళ్ళకే చప్పట్లు. ఆ గోల్ ఎక్కడ మొదలైందో నాకు తెలుసు.

సారు పిల్లల్ని ఒకసారి అనంతపురం తీసుకెళ్ళి క్రీడా గ్రామం చూపించాడు. ఇక్కడి జనం ఫాదర్ అని పిలుచుకునే విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన ఆర్డీటీ సంస్థ కట్టిన ప్రాంగణమది. రఫేల్ నడాల్ టెన్నిస్ బడి 2010లో అక్కడే తెరుచుకుంది. 2024లో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచ్‌లూ అక్కడ జరిగాయి. పిల్లలు మాత్రం గడ్డినే చూస్తూ ఉండిపోయారు. గడ్డి మీద నేను చెప్పినట్టు వింటాను, ఆ వంకరతో కూడా రాళ్ళ మీదకన్నా తిన్నగా దొర్లుతాను. గులకరాళ్ళ మీద నన్ను ఆపడం నేర్చిన పాదానికి ఆ నేల వరమే.

తిరుగు ప్రయాణంలో బస్సులో సారు ఒక దూరదేశం అమ్మాయి కథ చెప్పాడు. ఆమె పేరు సారా బ్యోర్క్ గున్నార్స్‌దోత్తిర్. 1990లో ఐస్‌లాండ్‌లో పుట్టింది. ఆ దేశం మొత్తం జనాభా నాలుగు లక్షల లోపే. 2011 లెక్కల ప్రకారం మన ఉమ్మడి అనంతపురం జిల్లాలోనే 40 లక్షల పైచిలుకు మంది ఉన్నారు. మనకు ఎండ ఎక్కువ, నీళ్ళు తక్కువ. వాళ్ళకు శీతాకాలమంతా మంచు, చీకటి. మంచులో ఆడలేమని వాళ్ళు చేతులు కట్టుకుని కూర్చోలేదు. 2000 తర్వాత పలు ఊళ్ళలో పైకప్పున్న మైదానాలు కట్టుకున్నారు, చిన్నపిల్లలకు కూడా శిక్షణ పొందిన కోచ్‌లను పెట్టుకున్నారు. 2016 యూరో పోటీల్లో వాళ్ళ పురుషుల జట్టు ఇంగ్లండ్‌ను 2–1తో ఓడించింది. 2018లో ప్రపంచకప్ ఆడింది.

సారా మిడ్‌ఫీల్డర్. 2011లో స్వీడన్‌లోని మాల్మో క్లబ్బుకు, 2016లో జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్‌కు, 2020లో ఫ్రాన్స్‌లోని లియోన్‌కు వెళ్ళింది. ఆ ఏడాది ఆగస్టు 30న స్పెయిన్‌లోని సాన్ సెబాస్టియన్‌లో మహిళల ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. ఎదురుగా ఉన్నది అంతకు ముందు వరకూ తను ఆడిన వోల్ఫ్స్‌బర్గే. చివరి నిమిషాల్లో మూడో గోల్ సారా కొట్టింది. లియోన్ 3–1తో గెలిచింది. 2021లో ఆమె తల్లి అయింది. గర్భంతో ఉన్నప్పుడు రావలసిన జీతం పూర్తిగా రాలేదని ఫిఫా ట్రిబ్యునల్‌కు వెళ్ళి గెలిచింది. బిడ్డ పుట్టాక మళ్ళీ మైదానంలోకి దిగి, తర్వాత ఇటలీలో యువెంటస్‌కు ఆడింది.

"మనోళ్ళు ఎవురూ పోలేదా సార్?" అని వెనక సీటు నుంచి ఒక గొంతు.

పోయారు. మణిపూర్ అమ్మాయి బాలా దేవి 2020లో స్కాట్లండ్‌లోని రేంజర్స్‌లో చేరింది. తెలుగునాట కూడా ఒకరున్నారు. నిజామాబాద్ జిల్లాలో ఒక తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య గోకులం కేరళకు ఆడి, 2022లో జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌కు వెళ్ళింది. తిరిగొచ్చి 2024–25లో ఈస్ట్ బెంగాల్‌తో ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచింది. ఆ సీజన్‌కు దేశంలో ఉత్తమ ఫుట్‌బాల్ క్రీడాకారిణి అవార్డు ఆమెదే. 2025 జులైలో థాయ్‌లాండ్‌ను 2–1తో ఓడించి ఆసియా కప్‌కు అర్హత సాధించిన జట్టులోనూ ఆమె ఉంది. తండా అనే మాట వినగానే బస్సులో ఇద్దరు పిల్లలు నిటారుగా కూర్చున్నారు. వాళ్ళదీ తండానే.

తల తిప్పి తిప్పి చూసే ఆ పిల్ల పదో తరగతికి వచ్చింది. ఒక సాయంత్రం వాళ్ళవ్వ మైదానానికే వచ్చేసింది.

"ఆడబిడ్డకు ఈ ఆటలేమిటికి సారూ? రేపు కాలో చెయ్యో ఇరిగితే ఎవురు చేసుకుంటారు? సంబంధం కూడా వచ్చిండాది."

సారు వాదించలేదు. "ఒక్క ఆట చూసిపో అవ్వా" అని కుర్చీ వేశాడు. అవ్వకు ఆట తెలియదు. కానీ మనవరాలు నోరు తెరిచి అరుస్తుంటే పదిమంది ఆ మాట విని కదలడం చూసింది. ఆ ఇంట్లో ఆడదాని మాట విని అంతమంది కదలడం ఆమె ఎన్నడూ చూసి ఉండదు. ఆట అయిపోయాక "ఇంటరైనా చదవనీ, తరవాత చూస్తాం" అంది. ఆ ఒక్క మాటతో ఆ పిల్లకు రెండేళ్ళు దొరికాయి. ఇప్పుడు స్పోర్ట్స్ హాస్టల్లో ఉంటూ జిల్లా జట్టుకు ఆడుతోంది.

నా తోలు పెచ్చులు లేచింది. చిన్న తరగతుల పిల్లలు నాతో తన్నడం నేర్చుకుంటున్నారు. నేలమీద ఇన్నాళ్ళు దొర్లి నేను తెలుసుకున్నది చెబుతాను. ఈ ఊరి పాదాలకు నైపుణ్యం తక్కువేమీ లేదు, రాళ్ళ మీద నేర్చుకున్న పాదాలవి. పదిహేనేళ్ళ వయసులో ఆట ఆగిపోవడం వల్లే వాళ్ళు వెనకబడుతున్నారు. సారా స్వీడన్‌కు వెళ్ళేనాటికి ఆమెకు ఇరవై ఏళ్ళు. ఆ ఇరవై ఏళ్ళ దాకా ఆమెను ఎవరూ ఆపలేదు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మండలానికి ఒక మంచి మైదానం కట్టండి. జతగా నీళ్ళ తొట్టి, ఆడపిల్లలకు దుస్తులు మార్చుకునే గది ఉండాలి. వాళ్ళకు ఏడాది పొడవునా మ్యాచ్‌లు పెట్టండి. సంబంధం వస్తే ఇంకా రెండేళ్ళు ఆగమని చెప్పండి. అప్పుడు జాగ్రెబ్ అయినా, లియోన్ అయినా మన పిల్లలకు అందని ఊళ్ళేమీ కావు.