ఇడియమ్ బాబాయిగారు

పెద్ద కుటుంబం అన్నాక ఒక ఇడియమ్ బాబాయిగారు ఉండి తీరతారు. సాధారణంగా రిటైరైన బ్యాంకు ఆఫీసరు. జేబులో వక్కపొడి పొట్లం, నాలుక చివర ఇంగ్లీషు జాతీయం ఎప్పుడూ సిద్ధం. అర్థం చెప్పి ఊరుకుంటే ఆయనకీ ట్యూషన్ మాస్టారికీ తేడా ఏముంది? అది ఎక్కడ పుట్టింది, ఎవరు పోతే పుట్టింది అన్నదే ఆయన స్పెషాలిటీ.

పిన్నిగారు కూరలో ఉప్పు ఉజ్జాయింపుగా వేస్తే చాలు. "రూల్ ఆఫ్ థంబ్ అన్నమాట! అదెలా వచ్చిందో తెలుసుటోయ్? బొటనవేలంత లావు కర్రతో అయితే భార్యని కొట్టొచ్చని 1782లో ఫ్రాన్సిస్ బుల్లర్ అనే జడ్జి తీర్పు చెప్పాడు."

అలాంటి తీర్పుకి ఆధారమేదీ దొరకలేదు. జనం చెప్పుకున్నారు, గిల్రే అనే ఆయన కార్టూను గీశాడు, పాపం ఆ జడ్జి 'జడ్జి థంబ్' అయి కూర్చున్నాడు. చేతికొలతతో పని కానిచ్చేయడం అనే అర్థంలో ఆ మాట ఆయన పుట్టకముందు, 17వ శతాబ్దంలోనే ఉంది. పిన్నిగారికి ఇవేవీ అక్కర్లేదు. "బొటనవేలు ఎవరిదిట, మొగుడిదా పెళ్లానిదా?" అని అడిగి, అప్పడాల కర్ర లావు చూసుకుంటారు. బాబాయిగారు హాల్లోకి జరుగుతారు.

పరామర్శకి వెళ్లినా ఆ నోరు ఊరుకోదు. "సేవ్డ్ బై ద బెల్ అంటే ఏమిటనుకున్నారు? బతికున్నవాణ్ణి పాతేస్తామేమోనని పూర్వం ఇంగ్లండులో శవపేటికలోంచి పైకి తాడు లాగి గంట కట్టేవారు. లోపలాయన లేస్తే గంట మోగేది. మనది దహనం కాబట్టి మనకా సౌకర్యం లేదు." ఇంటివాళ్లు కళ్లు తుడుచుకోవడం మర్చిపోయి ఆయన వంకే చూస్తారు.

అలాంటి పేటికలకి పేటెంట్లు తీసుకున్నవాళ్లు ఉన్నారు గానీ, మాట మాత్రం బాక్సింగ్ రింగులోది. దెబ్బలు తిని తూలుతున్నవాణ్ణి రౌండు ముగిసే గంట కాపాడుతుంది. ఆ సంగతి చెబితే బాబాయిగారు పెదవి విరుస్తారు. "ఇందులో చచ్చిందెవరు?"

చావు లేని కథ నిజమైనా ఆయనకి రుచించదు. 1709లో జాన్ డెన్నిస్ అనే ఆయన తన నాటకం కోసం ఉరుముల చప్పుడుకి కొత్త పద్ధతి కనిపెట్టాడు. నాటకం కొద్దిరోజులకే మూతపడింది. తర్వాత అదే థియేటర్లో 'మాక్‌బెత్' ఆడుతుంటే తన ఉరుములే వినపడ్డాయి. నా ఉరుము దొంగిలించారంటూ ఆయన గోలపెట్టాడని చెబుతారు. 'స్టీల్ మై థండర్' పుట్టింది అలాగే. "దొంగతనం కేసా?" అని బాబాయిగారు తీసిపారేశారు.

ఇంటర్నెట్టుని నమ్మొద్దర్రా అని పిల్లలకి రోజూ హితబోధ. ఆయన ప్రమాణగ్రంథం మాత్రం బీరువాలో, పట్టుచీరల కింద ఉంటుంది. 1999లో ఈమెయిళ్లలో దేశాలు తిరిగిన గాలికబుర్ల చిట్టాకి ఆఫీసు ప్రింటర్ మీద తీసిన కాపీ అది. పేరు 'లైఫ్ ఇన్ ద 1500స్'. గడ్డికప్పులో పడుకున్న కుక్కలూ పిల్లులూ వానకి జారిపడేవి కాబట్టి 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' వచ్చిందన్నది అందులోదే. కుక్క అంత ఎత్తు ఎలా ఎక్కిందో అందులో రాయలేదు.

మొన్న ఎమ్మే ఇంగ్లీషు చదివే మనవరాలు అడ్డుపడింది. "తాతయ్యా, గొప్పింటివాళ్లు విందుల్లో అరగదీసే మాటలన్నీ పోగేసి జోనాథన్ స్విఫ్ట్ 1738లో వెక్కిరిస్తూ ఓ పుస్తకం వేశాడు. నీ కుక్కలూ పిల్లులూ అందులో ఉన్నాయి. అప్పటికే అది ఊకదంపుడు మాట."

బాబాయిగారు చాలాసేపు వక్కపొడి నమిలారు. నోరు మూతపడిందని పిన్నిగారు సంబరపడ్డారు.

సాయంత్రం పార్కులో ఆయన గొంతు ఖంగుమంది. "స్విఫ్ట్ అని గొప్ప రచయితోయ్. 1738లో ఓ విందుకి వెళ్తూ, వానొస్తే ఓ గడ్డింటి చూరు కింద నిలబడ్డాడు. సరిగ్గా నెత్తిమీద కుక్క పడింది!"

"అయ్యో, పోయాడా?"

"ఆయనెలా పోతాడయ్యా, పుస్తకం రాయొద్దూ? కుక్క పోయింది."