నా నేల మీద ఎదిగిన కోచ్

నేను రెక్ హాల్‌ని. అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీలో 1929లో తలుపులు తెరిచిన ఇటుకల ఆటశాలని. బాస్కెట్‌బాల్ జట్లు 1996లో పెద్ద భవనానికి తరలిపోయాయి. కుస్తీ వాళ్ళూ, వాలీబాల్ వాళ్ళూ నా దగ్గరే ఉండిపోయారు. ఈ చెక్క నేల మీద ఎందరో ఎగిరారు, పడ్డారు, లేచారు. వాళ్ళలో కేటీ గురించి చెప్పకుండా ఉండలేను.

ముందు ఆమె గురువు రస్ రోజ్. 1979లో మహిళల వాలీబాల్ జట్టుకు కోచ్‌గా వచ్చి 43 సీజన్లు ఉన్నారు. 1,330 మ్యాచ్‌లు గెలిపించారు. 2007 నుంచి 2010 దాకా ఆయన జట్టు వరసగా 109 మ్యాచ్‌ల్లో ఓటమి ఎరగలేదు. అంతకుముందు 1993, 1997, 1998లలో ఫైనల్ దాకా వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొచ్చిన రోజులూ ఉన్నాయి. చివరికి 1999లో మొదటి జాతీయ టైటిల్ దక్కింది. ఆ జట్టులో ఉంది షికాగో పిల్ల కేటీ షూమాకర్.

చదువయ్యాక కేటీ షికాగోలోని ఇలినాయి యూనివర్సిటీ జట్టును ఏళ్ళ తరబడి నడిపింది. 2018లో రోజ్ దగ్గరే సహాయకురాలిగా నా దగ్గరికి తిరిగొచ్చింది. ఆయన రిటైరయ్యాక, 2022 జనవరిలో ఆ కుర్చీ ఆమెదైంది. అప్పటికి పేరు కేటీ షూమాకర్-కౌలీ. నాకు మాత్రం ఇప్పటికీ ఆ అమ్మాయే.

కోచ్ పనిలో మ్యాచ్ రోజు జనానికి కనిపించేది కొంతే. మిగతాదంతా నాకు తెలుసు. అవతలి నుంచి వచ్చిన సర్వ్ ఇద్దరు ఆటగాళ్ళకు సరిగ్గా మధ్యలోకి దిగుతుంది. ‘నాది’ అని ఒకరు ముందే అరవాలి. ఎవరూ అరవకపోతే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, బంతి వచ్చి నా మీద పడుతుంది. ఆ చప్పుడు వినబడటం మానేదాకా అదే సర్వ్, మళ్ళీ మళ్ళీ. డైవ్ కొట్టిన చోట చెమట తడి మిగిలితే, తువ్వాలుతో తుడిచాకే మరో సర్వ్. టైటిళ్ళు ఇక్కడే తయారవుతాయని నా గట్టి నమ్మకం.

2024 సెప్టెంబరులో కేటీకి రొమ్ము క్యాన్సర్ అని తేలింది. రెండో దశ. కీమోథెరపీ మొదలైంది, జుట్టు రాలింది, ప్రాక్టీసు మాత్రం ఆగలేదు. తన జబ్బును జట్టుకు బరువు కానివ్వకూడదన్నదే ఆమె పంతం.

డిసెంబరులో జాతీయ పోటీల చివరి మ్యాచ్‌లు లూయిస్‌విల్‌లో. అక్కడికి నేను వెళ్ళలేను కదా, తిరిగొచ్చినవాళ్ళు చెప్పుకోగా విన్నాను. సెమీఫైనల్లో నెబ్రాస్కా చేతిలో మొదటి రెండు సెట్లూ పోయాయి. నాలుగో సెట్‌లో ఓటమి గుమ్మం దాకా వచ్చి, మ్యాచ్ పాయింట్లు కాచుకుని, 28-26తో ఆ సెట్ లాక్కున్నారు. ఐదోది 15-13. ఫైనల్లో ఎదురుగా సొంత ఊరి జట్టు లూయిస్‌విల్, చుట్టూ 21,860 మంది జనం. అయినా పెన్ స్టేట్ 3-1తో గెలిచింది. ఎనిమిదో టైటిల్. అవతలి కోచ్ డానీ బుస్బూమ్ కెల్లీ కూడా మహిళే కాబట్టి, ఆ రోజు ఎవరు గెలిచినా చరిత్రే.

ఎందుకంటారా? అమెరికా కాలేజీ ఆటలు నడిపే సంస్థ ఎన్‌సీఏఏ మహిళల వాలీబాల్ పోటీలు 1981లో మొదలయ్యాయి. ఆటంతా ఆడపిల్లలదే. ప్రధాన కోచ్‌గా ఒక మహిళ అగ్రశ్రేణి టైటిల్ గెలవడం మాత్రం అదే మొదటిసారి. చదువులో, ఆటల్లో ఆడా మగా తేడా కూడదన్న టైటిల్ నైన్ చట్టం 1972లో వచ్చేనాటికి అమెరికా కాలేజీల్లో మహిళల జట్ల కోచ్‌లలో నూటికి తొంభై మందికి పైగా మహిళలే. చట్టం వచ్చాక ఆ జట్లకు డబ్బూ జీతాలూ పెరిగాయి, ఆ ఉద్యోగాల కోసం మగవాళ్ళూ వచ్చారు. ఇప్పుడు మహిళలు సగం కూడా లేరు. ఇందులో రోజ్‌ను తప్పుపట్టడం లేదు. కేటీని తీర్చిదిద్దింది ఆయనే. కానీ ఇన్నేళ్ళలో ఇంకెందరు కేటీలకు ఆ కుర్చీ అందకుండా పోయిందో అని బాధగా ఉంటుంది.

ఆడపిల్లల జట్టు నడిపే కాలేజీల పెద్దలకు నాదొక విన్నపం. మీ కోర్టులో ఇవాళ ‘నాది’ అని గట్టిగా అరిచే అమ్మాయి ఎవరో చూసిపెట్టుకోండి. ఆమె ఆట ముగిసిన రోజున చప్పట్లు కొట్టి పంపేయకండి, చేతికి విజిల్ ఇచ్చి కోచ్ పని నేర్పండి.