చిన్న సేటు టీం

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో నాలుగు అడ్తులు తిరిగితే ఒక్కచోటైనా ఇద్దరు సేట్లు ఎదురవుతారు. గల్లాపెట్టె పక్కన చొక్కా పైగుండీ విప్పుకుని కూర్చున్నాయన పెద్ద సేటు. మిరప ఘాటుకు ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో ఫోన్ పట్టుకున్నవాడు చిన్న సేటు. హైదరాబాద్‌లో ఎంబీఏ చేసి వచ్చాడు. తండ్రి అడ్తి నడుపుతాడు, కొడుకు టీంను లీడ్ చేస్తాడు.

ఆ టీంలో ఎవరెవరున్నారో లెక్క తీస్తేనే చిక్కు. గోడ మీది చార్టులో పైన అతని పేరు. కింద గుమాస్తా, హమాలీలు, దడువాయి, ఊడ్చే ఆడవాళ్లు. బాణాలన్నీ కిందికే. తీరా చూస్తే హమాలీలకు లైసెన్సు ఇచ్చేది మార్కెట్ కమిటీ, వాళ్ల కూలి బస్తాకింతని ముందే మాట్లాడుకున్న రేటు. దడువాయి కాంటా దగ్గర ఉండేదే ఎవరి పక్షమూ కాకుండా ఉండటానికి; అతను ‘మా టీం’ అని రైతు చెవిన పడితే తూకం అక్కడే ఆగుతుంది. సరుకు రైతుది, డబ్బు ఖరీదుదారుది. అన్నీ తీసేయగా చిన్న సేటు చేతికింద మిగిలేది ఒక్క గుమాస్తా. టీ తెచ్చే కుర్రాడు కూడా పక్క హోటల్ వాడే.

అయినా లీడ్ చేయడం మానడు. శని, ఆదివారాల సెలవు ముగిసి సోమవారం పొద్దున సరుకు పోటెత్తుతుంది. సరిగ్గా అప్పుడే మీటింగ్. వారం మొదట్లోనే విజన్ చెప్పాలట. మొన్న సీజన్లో తేజ రకం బస్తాల పక్కన నిలబడి మొదలుపెట్టాడు. విజన్ దాకా వచ్చాడో లేదో తుమ్ములు అందుకున్నాయి. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన వరంగల్ చపాటా మిర్చికి రంగు ఎక్కువ, కారం తక్కువ. ఆ బస్తాల పక్కన నిలబడి ఉంటే మిషన్ దాకానైనా వచ్చేవాడు.

హమాలీల కోసం ప్రత్యేకంగా రింగెల్‌మన్ కథ తయారుచేసుకున్నాడు. మంచి కథే. ఫ్రాన్సులో వ్యవసాయ ఇంజినీరైన ఆయన మనుషుల చేత తాడు లాగించి బలం కొలిచాడు, 1913లో అచ్చువేశాడు. ఒక్కడే లాగితే పూర్తి బలం పెడతాడు. ఎనిమిది మంది కలిస్తే మనిషికి దాదాపు సగమే. “అంటే గుంపులో పడితే మనకు తెలియకుండానే బద్ధకిస్తాం” అన్నాడు చిన్న సేటు, అందరినీ చూస్తూ.

పెద్ద వయసు హమాలీ ఒకాయన తలకు చుట్టిన తువ్వాల సర్దుకున్నాడు. “తాడు గుంజుడైతే ఎవడెంత గుంజుతుండో ఎర్కగాదు సేటూ. బస్తా వీపు మీదుంటది. మోస్తలేనోడు అందరికీ కనబడ్తడు.”

1980ల తొలినాళ్లలో అమెరికా పరిశోధకులు ప్రయోగాలు పెట్టి తేల్చినదీ దాదాపు ఇదే: ఎవరి పని ఎంతో విడిగా తెలిసేటప్పుడు బద్ధకం పోతుంది. ఆ సంగతి చిన్న సేటు పుస్తకంలో తర్వాతి పేజీలో ఉందేమో. నాయకత్వం మీద ఈ హమాలీలకు తెలిసిన పాఠం 1993 నాటి ‘ముఠామేస్త్రి’. అందులో మార్కెట్ మేస్త్రి చిరంజీవి మంత్రి కూడా అవుతాడు, కానీ చార్టు గీయడు.

ఇక అతనికి ప్రాణమైన పేరు ఎమీ ఎడ్మండ్‌సన్. హార్వర్డ్ ప్రొఫెసర్. 1990లలో ఆసుపత్రుల్లో మందుల విషయంలో జరిగే పొరపాట్లు పరిశీలించింది. మంచి జట్లలో తప్పులు తక్కువుంటాయని అనుకుంటే లెక్క తిరగబడింది, అక్కడే ఎక్కువ కనిపించాయి. కారణం, అక్కడి వాళ్లు భయపడకుండా బయటికి చెబుతున్నారు. తర్వాత గూగుల్ 180 జట్లను పరిశీలించి, భయం లేకుండా నోరు విప్పగలగడమే అన్నిటికన్నా ముఖ్యమంది. చిన్న సేటు ఇదంతా చెప్పి, “తప్పు జరిగితే నాకు ధైర్యంగా చెప్పండి” అని ముగించాడు.

గుమాస్తా నమ్మాడు. మధ్యాహ్నమే వెళ్లి, “సేటూ, నిన్న ఒక రైతు తక్‌పట్టీల క్వింటాల్‌కు ఐదు వందలు ఎక్కువ పడ్డది” అన్నాడు. చిన్న సేటు వేసిన కేక కాంటా దాకా వినిపించింది.

మార్కెట్లో పొద్దున్నే మంచి సరుకు దగ్గర జెండా పాట జరుగుతుంది. పేపర్లో పడేది ఆ ధర. మిగతా బస్తాలకు పలికేది చాలావరకు అంతకు కిందే. చిన్న సేటు ఉపన్యాసం జెండా పాట, గుమాస్తాకు దక్కింది మామూలు పాట.

పెద్ద సేటు ఏ పుస్తకమూ చదవలేదు. తక్‌పట్టీ చూసి రైతుకు ఫోన్ చేశాడు. “తమ్మీ, మావోడు ఒక అంకె తప్పేసిండు. మళ్లొచ్చినప్పుడు సూసుకుందాం తియ్. మిర్చి రెండో కోత ఎట్లుంది?” ఫోన్ పెట్టేసి గుమాస్తా వైపు తిరిగాడు. “ఇంకేమన్న ఉన్నయా? ఉంటే ఇప్పుడే చెప్పు.” గుమాస్తా కాసేపు తల గోక్కుని మరో రెండు బయటపెట్టాడు. ఒకటి పోయిన నెలది.

అప్పట్నుంచి గుమాస్తా ఏది తప్పినా పెద్దాయనకే చెబుతున్నాడు. చిన్న సేటు కూడా ఊరుకోలేదు. నెలాఖరున ఎవరి దగ్గరికి ఎన్ని తప్పులు వచ్చాయో పట్టిక కట్టి అడ్తి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. డాడీ దగ్గర 9, తన దగ్గర సున్నా. కింద రెండు చప్పట్ల బొమ్మలు తనే పెట్టుకున్నాడు.