ముందు మోత... తర్వాతే బ్రేకు!

హైదరాబాద్‌లో ఓ పెద్దమనిషి సెకండ్‌హ్యాండ్ పోర్షే బాక్‌స్టర్ కొన్నారు. మర్నాడే బండిని సైలెన్సర్ల కొట్టుకు తోలారు. బ్రేక్ ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చారండీ అంటే, "సౌండ్ విన్నారా?" అన్నారు. ఆ ద్రవం తేమ పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారి మార్చకపోతే గట్టిగా తొక్కిన రోజున వేడికి మరిగి పెడల్ మెత్తగా దిగిపోతుంది అని చెప్పాం. వినపడలేదు. సౌండ్ అలాంటిది మరి!

టైర్లు మాత్రం పాలిష్‌తో తళతళలాడుతున్నాయి. వాటి పక్కగోడ మీద ‘డాట్’ కోడ్ చివర 2316 అని ఉంది. అంటే 2016లో 23వ వారం తయారీ. గాళ్లు ఎంత లోతున్నా రబ్బరు గట్టిబడిపోయి ఉంటుంది, వానలో పట్టు దొరకదు. ఆయన కంటికి ఆనే నాలుగంకెలు నంబరు ప్లేటు మీది 9999 మాత్రమే.

ఈ కారుకు ఇంజన్ సీట్ల వెనక, రేడియేటర్లు ముందు బంపర్‌లో. అక్కడ ఎండుటాకులు పోగుపడి మేటవేస్తాయి. వాటిని తీయించడానికి ఖర్చు తక్కువ, ఫొటోలో కనపడదు. అందుకే వాయిదా.

అన్నట్టు, కంపెనీ ఇచ్చిన రూపు ఇష్టమొచ్చినట్టు మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. బ్రేక్ ప్యాడ్లు మార్చుకుంటే ఏ చట్టమూ అడ్డు రాదు.

అయ్యా, ఔటర్ రింగ్ రోడ్డు మీద మీ ముందు మేమూ వెళ్తుంటాం. దయచేసి ముందు టైర్లు మార్పించండి!