ద్రాక్షతోటలో లాభాల వాటా

దసరా ముందు సింగరేణి లాభాల వాటా కార్మికుల ఖాతాల్లో పడగానే గోదావరిఖని మందిరాల్లో గంభీరమైన వేదాంత చర్చ ఒకటి మొదలవుతుంది. దశమభాగం గ్రాస్ మీద లెక్కగట్టాలా, ఇన్‌కంటాక్స్ కోత పోయాక చేతికొచ్చిన నెట్ మీదా? గ్రాస్ పక్షంవారు భక్తిపరులు. నెట్ పక్షంవారు పిల్లల ఫీజులున్నవారు. పుదీనాకూ జీలకర్రకూ కూడా పదోవంతు కట్టి, న్యాయాన్నీ కనికరాన్నీ మరిచిపోయిన పరిసయ్యుల మీద యేసు కోప్పడ్డాడని మత్తయి రాశాడు. పాపం, వాళ్ల కాలంలో పే స్లిప్పు లేదు.

2025 సెప్టెంబరులో సర్కారు ప్రకటించిన లెక్క ఇదీ: సింగరేణి లాభంలో విస్తరణకు పక్కన పెట్టగా మిగిలినదాంట్లో 34 శాతం పర్మినెంట్ కార్మికులకు. సగటున మనిషికి 1,95,610 రూపాయలు. కాంట్రాక్టు కార్మికుడికి 5,500. అంతకు ముందటేడు 5,000. ఆ ముందు సున్నా. సున్నా పక్కన నిలబెట్టి చూస్తే ఇది అపారమైన ప్రేమే. కోల్ హ్యాండ్లింగ్ ప్లాంటులో బెల్టు కింద రాలిన బొగ్గు ఎత్తేదీ, ఆసుపత్రి వార్డులు తుడిచేదీ వీళ్లే. వ్యాగనెక్కిన బొగ్గుకు మాత్రం పర్మినెంటూ కాంట్రాక్టూ ఉండదు.

ఇక ద్రాక్షతోట సంగతి. మత్తయి సువార్త 20వ అధ్యాయం. యజమాని పొద్దున్నే కొందరిని కూలికి పిలిచాడు. మధ్యలో ఇంకా కొందరిని పిలిచాడు. సాయంత్రం అయిదింటికి కూడా అడ్డా మీద ఉత్తచేతులతో నిలబడ్డవాళ్లను చూసి, వాళ్లనూ తోటలోకి పంపాడు. పొద్దుగూకాక అందరికీ ఒకే దేనారం చేతిలో పెట్టాడు. పొద్దుటి బ్యాచ్ గొణిగింది. ఆ తోటలో గుర్తింపు కార్మిక సంఘం లేనట్టుంది. ఉంటే గొణుగుడుతో పోయేది కాదు, మర్నాడు ఫస్ట్ షిఫ్టుకు గేట్ మీటింగ్ పెట్టేవారు.

అయినా ఆ కూలీలకు ఒక సాకుంది. అవతలివాడు ఆలస్యంగా వచ్చాడు. మన కాంట్రాక్టు కార్మికుడు అయిదింటికి రాలేదే! పొద్దున్నే వచ్చాడు. కొందరైతే ఇరవయ్యేళ్ల కిందటి పొద్దున వచ్చారు. ఆలస్యంగా వచ్చినవాడికి సమానంగా ఇస్తే అక్కడ గొణిగారు. కలిసి వచ్చినవాడికి తక్కువిస్తే ఇక్కడ ఎవరూ గొణగరు. మన సహనం ముందు యోబు ఎంత? 2022 సెప్టెంబరులో వీళ్లు జీతాల కోసం సమ్మెకు దిగినప్పుడు నేను విన్న ప్రార్థనల్లో ఉక్రెయిన్ ఉంది, ఇజ్రాయెల్ ఉంది. గేటు ముందు కూచున్నవాళ్లు లేరు.

నాకు తెలిసిన చర్చి సంఘ పెద్ద ఒకాయన ఉన్నాడు. పేరెందుకు, యైటింక్లయిన్ కాలనీ దాకా ప్రతి కాలనీలో ఒకరుంటారు. క్వార్టర్ వెనక రేకుల షెడ్డు వేసి ఒక కాంట్రాక్టు కార్మికుడికి కిరాయికిచ్చాడు. ఇద్దరికీ ఒకే గోడ. పొరుగువాణ్ణి ప్రేమించమన్న ఆజ్ఞను పాటించడానికి ఇంతకన్నా సౌకర్యం యెరూషలేములో కూడా ఉండదు. క్రిస్మస్‌కు దుప్పటి కప్పి ఫొటో కూడా దిగాడు. వాటా పడిందని తెలిసిన సాయంత్రం గోడ పక్కకొచ్చి పిలిచాడు: “ఏం తమ్మీ, ఈసారి మీకు సుత పడ్డయట గద! దేవుడు మేలు చేసిండు. వచ్చే నెల నుంచి కిరాయి ఐదొందలు ఎక్కువియ్యి.”

ఏడాదికి ఆరు వేలు. వచ్చిన 5,500 పోను, దేవుడు చేసిన మేలుకు తమ్ముడే ఇంకో ఐదొందలు ఎదురు కట్టాలి.

ఈ దుప్పటి ప్రేమ సంగతి కనిపెట్టినవాడు మన బొగ్గు దారిలోనే ఉండేవాడు. ఇల్లెందు బొగ్గు మెయిన్ లైనెక్కే జంక్షను డోర్నకల్. అక్కడ పనిచేస్తున్న వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభకు వెళ్లాడు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు కావడానికి ఇంకా రెండేళ్లుంది. అయినా దొరల ముఖం మీదే అడిగేశాడు: ఆస్తులిచ్చారు, ప్రాణాలూ ధారపోశారు, బాగానే ఉంది, మాకు స్నేహితులను కూడా ఇవ్వండి అని. దానం చేసే చెయ్యి పక్కన కూచోబెట్టుకుని అన్నం పెట్టడానికి ఎందుకు వెనకాడుతోందన్నది ఆయన బాధ. సభలో కొందరికి మండింది. అది తెల్లవాళ్లను అన్న మాట కాబట్టి మనమిప్పుడు నిశ్చింతగా ఉండొచ్చు.

మొన్నామధ్య కొత్తగా వచ్చిన పాస్టరు ఒకాయన, లోకం తెలియని మనిషి, సరిగ్గా వాటా పడ్డ ఆదివారమే ద్రాక్షతోట వాక్యం ఎత్తుకున్నాడు. 5,500 అన్న అంకె కూడా పలికాడు. కూడిక అయ్యాక సంఘ పెద్ద ఆయన్ను పక్కకు తీసుకుపోయాడు.

“అయ్యగారూ, వాక్యం మంచిగనే చెప్పిండ్రు. కానీ బోనస్ నెలల గా ద్రాక్షతోట ఎందుకు? తలాంతుల ఉపమానం చెప్పుండ్రి. అండ్ల ఒక్క తలాంతు ఉన్నోని దగ్గరిది గుంజుకొని పది ఉన్నోనికిస్తరు. మనోళ్లకు జల్ది అర్థమైతది.”