చింతిస్తున్నాం... తీవ్రంగా!

ప్రపంచంలో ఎక్కడ బాంబు పడినా బ్రస్సెల్స్‌లో యూరోపియన్ యూనియన్ 27 దేశాల విదేశాంగ మంత్రులు బల్ల చుట్టూ చేరతారు.

'చింతిస్తున్నాం' అనాలా, 'తీవ్రంగా చింతిస్తున్నాం' అనాలా? మధ్యాహ్నం దాకా అదే చర్చ. చివరికి 'తీవ్రంగా' గెలుస్తుంది. దాన్ని 24 అధికార భాషల్లోకి దించేసరికి బాంబు పొగ చల్లారిపోతుంది.

కీలక నిర్ణయమైతే ఏకగ్రీవం కావాలి. 26 తలలు నిలువుగా ఊగినా, ఒక్క తల అడ్డంగా ఊగితే అంతా మొదటికే!

2020లో బెలారస్‌పై ఆంక్షలకు సైప్రస్ వారాల తరబడి అడ్డం పడింది. సైప్రస్‌కు బెలారస్ చేసిన పాపమేమీ లేదు, సైప్రస్ కోపమంతా టర్కీ మీద. అత్త మీద కోపం దుత్త మీద అంటే ఇదే.

2023 డిసెంబరులో ప్రధానుల భేటీలో మాత్రం ఓ చిట్కా దొరికింది. ఉక్రెయిన్ చేరిక చర్చలపై నిర్ణయం వేళకు హంగరీ ప్రధాని ఓర్బాన్ గదిలోంచి బయటికి నడిచారు. లోపల ఏకగ్రీవం! తలుపుకున్న తెలివి యూనియన్ ఒప్పందానికి లేకపోయింది.

ఇక రష్యాపై 2025 అక్టోబరుకు 19 విడతల ఆంక్షలు పూర్తి. ఆ 19వ విడతలోనూ దీర్ఘకాలిక ఒప్పందాల ద్రవ గ్యాసుకు 2027 జనవరి దాకా గడువు. కోపం కాగితం మీదే, పొయ్యి మీద కాదు!

ఈ విదేశాంగ మంత్రుల మండలి కూర్చునేది సాధారణంగా నెలకోసారి. సంక్షోభాలకు మనవి: కాస్త తేదీ చూసుకుని రండి.